ఎనిమిది నిమిషాలకే ఆరిపోయే ఫర్నేస్

కోపం వస్తే నాకు ముందు నోరు లేస్తుంది. బుద్ధి నిదానంగా, ఊరంతా తిరిగి వచ్చినట్టు వస్తుంది. యూనివర్సిటీలో పరిశోధన చేసే రోజుల్లో ఆ నోటితో ఒక మనిషి ఉద్యోగాన్ని దాదాపు ఊడగొట్టాను.

దసరా సెలవుల తర్వాత ల్యాబ్ తెరిచిన మొదటి రోజది. తార్నాకలోని నా అద్దెగది నుంచి పొద్దున్నే నడుచుకుంటూ వచ్చి, నా పొడి పోసిన మూసను ఫర్నేస్‌లో పెట్టాను. ఫర్నేస్ అంటే కరెంటుతో కాగే ఇనుప పెట్టె, సగం బీరువా అంత ఉంటుంది. దాని వైర్లు చల్లగా ఉండడానికి ఒక చిన్న ఫ్యాన్ కూడా ఉంటుంది. అది తొమ్మిది వందల డిగ్రీలకు ఎక్కి, ఆరు గంటలు అక్కడే నిలబడాలి. ఆ పొడి తయారుచేయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆరు వందలు దాటగానే టక్‌మని చప్పుడైంది. ఎర్రదీపం ఆరిపోయింది. అంకెలు దిగడం మొదలుపెట్టాయి. కాసేపటికి మళ్లీ టక్, మళ్లీ దీపం. గడియారం చూశాను. ఎనిమిది నిమిషాలు వెలగడం, అంతకంటే ఎక్కువసేపు ఆగడం. ఇలా కాగుతూ చల్లారుతూ ఉంటే నా పొడి బూడిదతో సమానం.

ఫర్నేస్ తలుపు మీద కుంకుమ బొట్లు, దాన్ని పెట్టిన బల్ల నిండా ఎండిన బంతిపూల రేకులు. సెలవులకు ముందు మా ల్యాబ్ అటెండర్ అన్న ఆయుధపూజ చేశాడు. ఏటా ప్రతి మిషన్‌కూ బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టేవాడు. మాణికేశ్వర్ నగర్‌లో ఉండేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. కాంట్రాక్టు ఉద్యోగం. మా గైడ్ సార్ సంతకం పెడితేనే ఇంకో ఏడాది ఉంటాడు, లేకుంటే లేదు. ఆ కాగితం సార్ బల్ల మీదికి చేరిందని పొద్దున టీ తాగుతూ తనే నాతో సంబరంగా చెప్పాడు.

“అన్నా, నీ పూలన్నీ ఫ్యాన్ల పోయినయి. నీ పూజతోని నా పని మొత్తం ఖరాబైంది” అన్నాను.

“పూలు ముందట ఏసిన చెల్లె. ఫ్యాన్ ఎనక ఉంటది.”

వింటే కదా! అప్పటికే సార్‌కు ఫోన్ కలిపాను. అన్నకు కూడా వినబడాలని స్పీకర్ పెట్టి, పూజ పూలవల్లే ఫర్నేస్ ఆగిపోతోందని చెప్పాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం నేను చూసుకోలేను.

“ఎన్నిసార్లు చెప్పాలి ఇతనికి! వస్తున్నా. ఆ కాంట్రాక్టు కాగితం పక్కన పెడుతున్నా, వేరేవాళ్లని చూద్దాం” అన్నారు సార్.

అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫర్నేస్ ముందు గొంతుక్కూర్చుని, కింద వైర్లుండే డబ్బాకు అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు.

“గీడ కాలుతున్నది. ఈ డబ్బా గరమైతే లోపలి స్విచ్ దానంతటదే బంద్ అయితది. సల్లగైతే మల్ల ఆన్ అయితది. దీనికి గాలి ఆడుతలేదు చెల్లె.”

పొద్దుటి నుంచీ ఫర్నేస్‌కు వేడి చాలడం లేదనే నేననుకుంటున్నాను. అసలు సంగతి ఉల్టా. ఉండకూడని చోట వేడి ఎక్కువై, కాలిపోకుండా తనను తాను ఆపుకుంటోంది. అన్న మెయిన్ స్విచ్ ఆపేసి, చేతులకు గోనెసంచి చుట్టుకుని, చక్రాల బల్లను గోడ నుంచి లాగాడు.

వెనక పైనుంచి కిందిదాకా తెల్లటి దూది కూరి ఉంది. వేడి బయటికి పోకుండా వాడే, నిప్పంటుకోని దూది. సెలవుల్లో ఒకరోజు వచ్చి నేనే కూరాను. వేడి వృథా కాకపోతే తొందరగా ఎక్కుతుందని నా తెలివి. దాంతోపాటు కింది ఫ్యాన్ జాలీ కూడా మూసుకుపోయింది.

“దీనికి సలి పెడతదనుకున్నవా?” అన్నాడు అన్న. నవ్వలేదు.

దూదంతా పీకేసి స్విచ్ వేశాడు. ఇంతలో వరండాలో చెప్పుల చప్పుడు. అన్న ఆ దూదిని కాలితో బల్ల కిందికి తోసి, “చెప్పకు. నీ థీసిస్ మీద సంతకం సుత సార్‌దే” అన్నాడు మెల్లగా.

సార్ వచ్చారు. “పూలేనా?”

అన్న తల వంచుకుని నిలబడ్డాడు. అంకెలు ఆరు వందల నలభై దాటాయి, యాభై దాటాయి, దీపం ఆరలేదు. ఎప్పుడూ ఆగని నా నోరు ఆ రోజు పెగల్లేదు. భయమేసింది. సార్ అన్నవైపు తిరిగి ఏదో అనబోతుంటే, వంగి బల్ల కింది దూదిని బయటికి లాగాను.

“పూలు కాదు సార్. ఇది నేను కూరిన. ఫ్యాన్ మూసుకపోయింది.”

తిట్లకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. సార్ దూదిని చూసి, నన్ను చూసి, పకపకా నవ్వారు. “మీ ప్రయోగాలు మీరూనూ! పోనీలే, ఇప్పుడు ఎక్కుతోంది కదా” అన్నారు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, “కాగితం సాయంత్రం తీసుకపో” అన్నారు అన్నతో.

నాకు సిగ్గేసింది. నిమిషం ముందు అదే తప్పుకు అతని ఇంట్లో పొయ్యి ఆరిపోయేది. నాదని తేలగానే నవ్వులాటైపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

సాయంత్రం అన్న మడత పెట్టిన కాగితంతో వచ్చాడు. నేను ఎదురెళ్లి, “సంతకం అయిందా అన్నా?” అన్నాను.

“అయింది మేడం” అన్నాడు. ఆ తర్వాత నేనక్కడున్న రెండేళ్లూ మేడం అనే పిలిచాడు.