కత్తెరక్క పథ్యం

మా కుట్టు దుకాణంలో గుడ్డ కత్తిరించేది కత్తెరక్క. ఆవిడ అసలు పేరు యజమానికైనా గుర్తుందో లేదో. మనిషిని ఒక్క చూపు చూసి కొలతలు చెప్పేది. నాకు ఆవిడంటే భక్తి, కాస్త అసూయ కూడా.

ఆవిడకు షుగరు. ఉదయం మాత్ర ఏనాడూ తప్పించేది కాదు. ఈ ఏడాది పని తగ్గి మా జీతాలు సగమయ్యాక, మధ్యాహ్నం డబ్బా మూత తనవైపే కొంచెం ఎత్తి, రెండు నిమిషాల్లో మూసేయడం మొదలుపెట్టింది.

"ఇంతేనా అక్కా?"

"పథ్యమే తల్లీ. మీలా మెక్కితే నాకు కుదురుతుందా?"

ఆ నిగ్రహం చూసి మేమే సిగ్గుపడేవాళ్లం. మా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను!

మొన్న భోజనాలకు కాస్త ముందు, చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. నవ్వబోయి ఆవిడ మొహం చూశాను. చెమటలు, వణుకు, ఎటో చూపు. పంచదార నీళ్లు పట్టబోతే పళ్లు బిగించింది.

"చంపుతావా ఏంటే? నాకు షుగరు!"

"చచ్చేలా ఉన్నావు, ముందు తాగు!" అని కసిరి తాగించాను. తేరుకున్నాక క్లినిక్కు లాక్కెళ్లాను.

"నిన్న ఏం తిన్నారమ్మా?" అంది నర్సు.

"టీ తాగాను."

"రాత్రి?"

నేను బయటికి పోబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరికీ చెప్పలేదు. పిల్లలకీ అత్తగారికీ పెట్టాక మిగలట్లేదు. మాత్ర మాత్రం ఒక్కరోజు మానలేదు," అంది గొప్పగా.

"తిండి లేకుండా ఆ మాత్ర వేసుకోబట్టే షుగరు మరీ పడిపోయి ఈ ముప్పు," అంది నర్సు.

డాక్టరు మందు మార్చాడు. క్లినిక్కు వాళ్లు నెలనెలా ఇచ్చే సరుకుల జాబితాలో నర్సు ఆవిడను చేర్చింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అయినా మనిషి దక్కింది, గుండె కుదుటపడింది.

దుకాణానికి తిరిగొచ్చి నా డబ్బా విప్పి, మూతలో సగం పెట్టిచ్చాను. వద్దనలేదు. తలెత్తకుండా తినేసి, మూత మళ్లీ నా ముందుకు జరిపింది.

"ఇంకాస్త పెట్టవే. ఆకలేస్తోంది."

ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి.