నల్లముసుగు ముత్యాలయ్య

వేట నిషేధం ఉన్న రెండు నెలలూ మైపాడు పక్కన పట్టపు కులం జాలరులుండే పట్టపుపాళెంలో పడవలన్నీ ఇసుక మీదికెక్కి కూర్చుంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా సముద్రంలోకి ఎవరూ పోకూడదు. ఆ రోజుల్లో అక్కడి మగవాళ్ళకు రెండే పనులు. ఒకటి వలలు బాగుచేసుకోవడం, రెండోది పాత కుస్తీల గురించి వాదులాడుకోవడం.

టీవీల్లోకి అమెరికా కుస్తీలు రాకముందు, ఈ జిల్లాలో ఊరూరా డేరా వేసి, టిక్కెట్టు పెట్టి ఫ్రీస్టైల్ కుస్తీలు ఆడించే కంపెనీ ఒకటి ఉండేది. మద్రాసు నుంచి వచ్చేది. దాన్ని చిన్నప్పుడు చూసినవాళ్ళు ఇప్పుడు యాభై దాటినవాళ్ళు. వాళ్ళలో ముందుండేవాడు గిరిబాబు, రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజరు. ఫోన్లో 'పాత కుస్తీల అభిమానులు' అని గ్రూపు పెట్టింది అతనే. సాయంత్రం డ్యూటీ దిగి వలల పాకలోకి వచ్చాడంటే పాక కాస్తా రింగు అయిపోతుంది. గండభేరుండం గోవిందస్వామి పళ్ళతో ఇనప కడ్డీ వంచాడా లేదా, డైనమైట్ దిల్బాగ్ పొద్దున్నే రెండు డజన్ల పచ్చిగుడ్లు తాగేవాడా లేదా, ఇదీ వరస.

పాక మూలన కూర్చుని వల అల్లుకునే డెబ్భై ఏళ్ళ ముత్యాలయ్యకు ఈ రెండింటికీ జవాబు తెలుసు. గోవిందస్వామి కడ్డీ సీసంది. దిల్బాగుకు కడుపులో పుండు, పెరుగన్నం తప్ప ఏదీ పట్టేది కాదు. అయినా ముత్యాలయ్య నోరు మెదిపేవాడు కాదు. ఒకళ్ళ సంతోషాన్ని పాడుచేయడం ఎందుకన్నది ఒక కారణం. రెండో కారణం, వాదన ఎటు తిరిగినా చివరికి ఒకచోటికే చేరేది. అది నల్లముసుగు దగ్గరికి.

"నల్లముసుగు అనేవోడు మనిషి కాదబ్బా," అంటాడు గిరిబాబు. "నేను గోడెక్కి చూసినా. పెన్నా సింహాన్ని కావాలనే తాడు మీద నుంచి కింద పడేసినాడు. డబ్బు తిని పడేసినాడు. ఆ చెయ్యి మళ్ళీ లెయ్యలా."

"అదంతా నాటకం గాదా మామా," అంటాడు ముఖేష్ అనే పడవ డ్రైవరు, గిరిబాబును ఉడికించడానికే. "గెలిచేదెవరో ముందే రాసుకుంటారంట."

"చెయ్యి విరిగింది గూడా రాసుకున్నారా? నోరు మూసుకొని వల అల్లు."

నల్లముసుగు ఎవరో ఆ పాకలో ఎవరికీ తెలియదు. తెలిసింది ఊళ్ళో ఇద్దరికే, ముత్యాలయ్యకూ అతని భార్య అంకాలమ్మకూ. ఎందుకంటే నల్లముసుగు ముత్యాలయ్యే.

ఇరవై రెండేళ్ళ వయసులో అతను ఒడ్డున అలివి వల లాగుతుంటే, స్నానానికొచ్చిన కంపెనీ మేనేజరు చూశాడు. ఇరవైమంది గుంజే తాడు చివర ఒంటరిగా కాళ్ళు పాతి నిలబడ్డ మనిషిని చూసి, వస్తావా అని అడిగాడు. తల్లితో హార్బరులో కూలిపని అని చెప్పి వెళ్ళాడు ముత్యాలయ్య. ముఖానికి నల్లగుడ్డ కుట్టించి, బర్మా నుంచి వచ్చిన రాక్షసుడని మైకులో చెప్పి రింగులోకి దించారు. పని ఒక్కటే. ప్రతి ఆటలోనూ ఓడిపోవాలి. జనం ఉమ్మేటట్టు, చెప్పులు విసిరేటట్టు ఆడి, ఆఖరికి ఓడిపోవాలి.

గెలిచే పని ఇందుకూరుపేట దగ్గర ఒక పెద్ద రైతు కొడుకు పద్మనాభయ్యది. తెల్లటి మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. 'పెన్నా సింహం' అని పోస్టర్లలో వేసేవాళ్ళు. ఆ కంపెనీలో గెలిచినవాళ్ళందరూ భూములున్న ఇళ్ళ పిల్లలే, ఓడినవాళ్ళందరూ పాళేల నుంచీ వాడల నుంచీ వచ్చినవాళ్ళే. ఇది ఎవరూ కూర్చుని రాసిపెట్టిన నియమం కాదు. రాయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు, అంతే. అయితే డేరా వెనక ఆ లెక్క నడిచేది కాదు. ఆరేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు. ముత్యాలయ్య జ్వరంతో ఆడిన రాత్రి పద్మనాభయ్య అతని కాళ్ళు పట్టాడు. "అన్నా" అని ఒకరూ, "ముత్యాలూ" అని ఒకరూ పిలుచుకునేవాళ్ళు.

వాళ్ళ ఆటలో జనం ఎగబడి చూసేది ఒక్కటే. పద్మనాభయ్య నల్లముసుగు మణికట్టు పట్టి మెలిపెడుతూ రింగు తాడు మీదికెక్కి, ఆ తాడు మీదే నాలుగడుగులు నడిచి, ఎగిరి మీద పడేవాడు. చెయ్యి విరిచేస్తున్నాడని జనం ఈలలు వేసేవాళ్ళు. నిజానికి అతను తాడు మీద నిలబడగలిగేది ముత్యాలయ్య చెయ్యి కదలకుండా ఉండబట్టే. మెలితిరుగుతున్నట్టు కనిపించే ఆ చెయ్యే అతనికి ఊతం.

నలభై రెండేళ్ళ కిందట నెల్లూరులో జరిగిన ఆటలో ఆ తాడు ఒక్కసారి సడలింది. పద్మనాభయ్య బరువంతా ఒక్క గుంజుగా ముత్యాలయ్య చేతి మీద పడింది. ఆ క్షణంలో అతని చెయ్యి కుస్తీని మరిచిపోయింది. అలివి వల లాగేటప్పుడు పెద్ద అల వచ్చి తాడును గుంజితే వెంటనే వదిలెయ్యాలి, పట్టుకుంటే వేళ్ళు పోతాయి. ఆరేళ్ళ వయసు నుంచీ తండ్రి ఆ చేతికి నేర్పిన పాఠం అదొక్కటే. చెయ్యి వదిలేసింది. పద్మనాభయ్య రింగు బయట కుర్చీల మీద పడ్డాడు. భుజం చితికిపోయింది.

చెప్పులూ రాళ్ళూ పడుతుంటే ముత్యాలయ్య డేరా వెనక్కి పరిగెత్తి, ముసుగు పీకి పారేసి, లుంగీ చుట్టుకుని జనంలో కలిసి మళ్ళీ ముందుకొచ్చాడు. స్నేహితుణ్ణి పడుకోబెట్టిన బల్లకు ఒక కొస తనే పట్టి జీపు దాకా మోశాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే ఆఖరు. కంపెనీ ఆ నెలలోనే మూతపడింది. పద్మనాభయ్య ఇంటికీ పాళేనికీ మధ్య దూరం గట్టిగా పది మైళ్ళు ఉండదు.

ఈ మే నెలలో గిరిబాబు పాకలోకి వచ్చి ఒక కబురు చెప్పాడు. వచ్చే ఆదివారం మన ఒడ్డునే పెన్నా సింహానికి సన్మానం, గ్రూపు తరపున. ఆయన వస్తానన్నాడు. "నల్లముసుగు సంగతి ఆయన నోటితోనే చెప్పిస్తా, చూస్తుండండి," అన్నాడు. ముత్యాలయ్య వల అల్లే కర్ర చేతిలోనే ఆగిపోయింది.

ఇంటికెళ్ళి, ఆదివారం ముత్తుకూరులో కూతురింటికి పోతానన్నాడు భార్యతో. అంకాలమ్మ ఎండుచేపలు తిరగేస్తూ తలెత్తలేదు.

"పో. ఇన్నేళ్ళు పొయ్యింది చాల్లేదు గదా, ఇంకా పో."

"నన్ను చూస్తే ఆయనకు మళ్ళా నొప్పి గాదా?"

"ఆయనకో నీకో? నిద్రలో చెయ్యి బిగించి పట్టుకొని లేస్తావే, ఆ సంగతి ఎవరికి చెప్పాలి నేను? ఒక్క మాట. వదిలింది నేనే, కావాలని గాదు అని. అది చెప్పకుండా చస్తే నీ పక్కన ఆ మాట గూడా పూడ్చాల్సొస్తది."

అతను ముత్తుకూరు వెళ్ళలేదు. వెళ్ళలేదంటే ధైర్యం వచ్చిందని కాదు. ఆదివారం నాలుగింటికి చొక్కా తొడుక్కుని షామియానా చివరి వరసలో, స్తంభం చాటున కూర్చున్నాడు. ముందువరస నుంచి అయితే పద్మనాభయ్య గుర్తుపడతాడు. ఇక్కడి నుంచి అయితే లేచి పోవచ్చు.

కారు దిగిన పద్మనాభయ్య బాగా చిక్కిపోయాడు. కోడలు సాయిలక్ష్మి పక్కన నడిచింది. నమస్కారానికి ఎడమ చెయ్యి మాత్రమే లేచింది. కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ముత్యాలయ్య చూపు తిప్పుకోలేకపోయాడు.

మైకు ముందు పెద్దాయన మంచి హుషారుగానే ఉన్నాడు. దిల్బాగు పచ్చిగుడ్ల సంగతి ఎవరో అడిగితే, అవి తాగింది మేనేజరు పెంచిన కుక్క అని చెప్పి అందరినీ నవ్వించాడు. గోవిందస్వామి కడ్డీ గుట్టు మాత్రం విప్పలేదు, పోయినవాడి పేరు ఉండనీ అన్నాడు. ఆ తర్వాత గిరిబాబు మైకు అందుకుని, నల్లముసుగు ఎవరు, ఎంత తిన్నాడు అని అడిగాడు.

పద్మనాభయ్య ఎడమచేత్తో మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవరో నాకు తెలుసు. నేను చెప్పను, చెప్పాల్సింది ఆయనే," అన్నాడు. "ఇంకో సంగతి చెప్తా వినండి. తాడు మీద నడిచేటప్పుడు నేను ఆ మనిషి చెయ్యి విరుస్తుండానని మీరు ఈలలేసినారు. ఆ చెయ్యి లేకపోతే నేను ఒక్క అడుగు ఎయ్యలేను. ఆరేళ్ళు రోజూ నన్ను మోసినాడు. మీరు ఆయన మీద చెప్పులేసినారు, నా మీద పూలేసినారు. నేను పూలు తీసుకున్నా."

స్తంభం చాటు నుంచి ముత్యాలయ్య లేచాడు. లేచింది తనేనని అతనికే తెలియనట్టు నిలబడ్డాడు.

"నేనే. నల్లముసుగు నేనే. చెయ్యి వదిలింది నేనే," అన్నాడు. అలివి తాడు సంగతీ, తండ్రి నేర్పిందీ, చెయ్యి తనంతట తను తెరుచుకున్నదీ, అడ్డదిడ్డంగా అయినా అంతా చెప్పేశాడు. పాళెంలో ఉన్నవాళ్ళకు వేరే వివరం అక్కర్లేదు. ఆ తాడు గుంజుకు వేళ్ళు పోయినవాళ్ళు అక్కడే నలుగురున్నారు. గిరిబాబు మైకు కిందికి దించాడు.

పద్మనాభయ్య మెట్లు దిగి, ఇసకలో తడబడుతూ చివరి వరస దాకా వచ్చాడు.

"వదిలినావని పడేటప్పుడే తెలుసు ముత్యాలూ. దానికి నాకు కోపం లేదు. బల్ల మోసింది నువ్వేనని గూడా తెలుసు. నా కోపం వేరే. ఎనిమిది నెలలు మంచం మీదున్నా. ఒక్కసారన్నా రాలేదే?"

ముత్యాలయ్య తల దించుకున్నాడు. ఆరేళ్ళు ఓడిపోవడం పనిగా చేసిన మనిషికి, కింద పడే అలవాటు అంత తొందరగా పోదు. "తప్పే అయ్యా," అన్నాడు.

"తప్పేందీ?" ఆడవాళ్ళ వైపు నుంచి అంకాలమ్మ లేచింది. "వచ్చినాడయ్యా. రెండు తూర్లు వచ్చినాడు. మీ నాయన కల్లం దగ్గరే నిలేసి, పట్టపోడికి మా ఇంట్లో ఏం పని, పొమ్మన్నాడు. ఇది చెప్పమంటే ఈ మనిషి చెప్పడు. పెద్దాయన పేరు పోతదంట."

సాయిలక్ష్మి మామ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో రంగు మారింది. తండ్రి పోయి ముప్పై ఏళ్ళు. ఆయన పేరున ఊళ్ళో రచ్చబండ కట్టించింది ఈ కొడుకే. ఇప్పుడు ఎవరిని అడగాలి?

"నాకు ఎవరూ చెప్పలేదు ముత్యాలూ. రాలేదనే అనుకున్నా," అన్నాడు ఆఖరికి. "అయ్యా అనబాకు. అన్నా అనేవాడివి."

సన్మానం సగంలోనే ఉండిపోయింది. పద్మనాభయ్య అందరి ముందూ, ఆకలేస్తుంది మీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. గిరిబాబు హోటల్లో బిర్యానీ చెప్పానని ఏదో అనబోయాడు. అప్పుడే తన నోటి మాటలు తనకే గుర్తొచ్చినట్టున్నాయి, పెద్దాయన కూర్చోవడానికని ముత్యాలయ్య ఎత్తిన కుర్చీ అందుకుని తనే వాళ్ళింటి దాకా మోశాడు. గుమ్మం దగ్గర దాన్ని దించి, "మామా, ఇన్నేళ్ళు నీ ఎదురుగానే తిట్టినానే," అన్నాడు. "బాగా ఆడినానని అర్థం లేరా," అన్నాడు ముత్యాలయ్య.

వేట లేని రోజులు గనక ఇంట్లో పచ్చిచేప లేదు. అంకాలమ్మ ఎండుచేపల పులుసు పెట్టింది. పద్మనాభయ్య కుర్చీ వద్దని నేల మీద కూర్చుని ఎడమచేత్తో కలుపుకున్నాడు. ఎడంచేత్తో తినడం ఏమిటని ఎవరూ అనుకోకుండా ముత్యాలయ్య తనూ ఎడమచేత్తోనే కలుపుకున్నాడు.

రెండు ముద్దలు తిన్నాక పద్మనాభయ్య ఆగాడు. కల్లం దగ్గరికి వచ్చినప్పుడు వట్టి చేతులతో వచ్చినావా అని అడిగాడు.

"వట్టి చేతులతో ఎట్ట వస్తా అన్నా. చందువ చేపలు తెచ్చినా. ఎముక అతకతదని మా అమ్మ చెప్పింది. రెండు తూర్లూ తెచ్చినా. మీ నాయన బుట్ట తీసుకొని నన్ను పొమ్మన్నాడు. పాలేళ్ళకిచ్చేసి ఉంటాడులే."

పద్మనాభయ్య చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. మంచం మీద ఉన్నప్పుడు రెండుసార్లు చందువ పులుసు తిన్నాడు. తల్లి ముల్లు తీసి నోట్లో పెట్టింది. మనిషిని కల్లం దగ్గర ఆపిన ఆ ఇల్లు చేపను మాత్రం నట్టింట్లోకి రానిచ్చింది.

"నేనే తిన్నా ముత్యాలూ," అన్నాడు. "రెండు తూర్లూ నేనే తిన్నా. బాగుందని గూడా అన్నా. ఎవరు తెచ్చినారని అడగలా."

ముత్యాలయ్య భార్య వైపు చూశాడు. అంకాలమ్మ గరిటె ముంచి పెద్దాయన కంచంలో ఇంకాస్త పులుసు పోసింది.

"ఇప్పుడు తెలిసింది గదయ్యా. తినండి, ఆరిపోతది."