చెవుల్లో దూది

తెనాలిలో మా చిన్న కారు చూసే మెకానిక్ మీద నాకు ఇప్పటికీ కోపమే. అతను బానెట్ ఎత్తే ముందు చెప్పులు బయట విడిచి, కారులో కూర్చుని, కళ్ళు మూసుకుని ఇంజన్ వినేవాడు. అంతసేపూ మనం పక్కన నోరు మూసుకుని నిలబడాలి.

కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, బయట దొరికే మూతలేని ఫిల్టర్ బిగించమన్నది నేనే. యాక్సిలరేటర్ తొక్కగానే బండి గుర్రుమనేది. పికప్ పెరిగిందనుకున్నాను. ఆ ధైర్యంతో భట్టిప్రోలు దగ్గర ఒక లారీని దాటబోయి, ఎదురుగా బస్సు రావడంతో ఎలాగో వెనక్కి తగ్గాను. పక్కన మా ఆవిడ ఉంది.

నేరుగా షెడ్డుకు వెళ్ళి, సరిగ్గా బిగించలేదని దెబ్బలాడాను. అతను కారులో కూర్చుని ఇంజన్ విన్నాడు. తర్వాత ఇంత దూది తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది చెవుల్లో పెట్టుకుని నందివెలుగు దాకా వెళ్ళి రండి బాబాయ్."

అక్కడున్న ఆటోవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. అయినా వెళ్ళాను. దూది పెట్టుకుంటే అది మా పాత కారే.

"ఏంటి బాబాయ్, పికప్ ఏమన్నా పెరిగిందా?" తిరిగి రాగానే అడిగాడు.

దూది అతని చేతికి తిరిగిచ్చేశాను.

"ఇంజన్ గాలి పీల్చే చప్పుడు ఇదివరకు డబ్బాలో అణిగిపోయేదండి. ఇప్పుడు బయటికి వినపడుతోంది, అంతే. ఆ లారీని మీరు చెవులతో దాటబోయారు."

పాత డబ్బా మళ్ళీ బిగిస్తానన్నాడు. అంతమంది ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక వద్దన్నాను. కారు ఇప్పటికీ గుర్రుమంటూనే ఉంది. మా ఆవిడ మాత్రం రేపల్లెలో వాళ్ళ అక్కయ్య ఇంటికి బస్సులోనే వెళ్తోంది.