పదిహేనో వరుస

దయ్యాలు, ఆత్మలు అంటూ ఎవరైనా మొదలుపెడితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది తణుకు. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చి పదమూడేళ్ళయింది. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో, మిక్సీలు, ఫ్యాన్లు, గీజర్లు అమ్మే ఒక డీలరు ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏ వస్తువు ఎవరింటికి వెళ్ళిందో కంప్యూటర్లో ఎక్కించడం నా పని.

మా సాఫ్ట్‌వేర్ నెలాఖరుకు మొత్తం అమ్మకం చెప్పేది గానీ, ఏ ఊరివాళ్ళు ఏ మోడల్ కొంటున్నారంటే చెప్పలేకపోయేది. అందుకని మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని, వీడియోలు చూస్తూ క్వెరీలు రాయడం నేర్చుకున్నాను. పెద్ద విద్యేం కాదు. అమ్మకాల పట్టికలోంచి ఫలానా మోడల్ కొన్నవాళ్ళ పేర్లు చూపించమని కంప్యూటర్‌కు దాని భాషలో చెప్పడమే. సెలెక్ట్ అని ఏం కావాలో రాయాలి, ఫ్రమ్ అని ఏ పట్టికలోంచో, వేర్ అని ఏ షరతుతోనో. అడిగిందే ఇస్తుంది. పట్టికలో లేనిది ఎక్కడినుంచో తెచ్చివ్వదు.

మొన్నటి చలికాలంలో ఒక ఉదయం, గ్యాస్ గీజర్ల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఒకే విడతలో తయారైన ఒక లాట్‌లో బర్నర్లు సరిగా లేవనీ, తలుపులు మూసిన గదిలో విషవాయువు నిండుతోందనీ, కొన్నవాళ్ళచేత వెంటనే వాడకం ఆపించమనీ. ఆ చలికి అందరూ కిటికీలు బిగించుకునే స్నానాలు చేస్తారు.

ఆ లాట్ నంబరు షరతుగా పెట్టి, బిల్లు తేదీల వరసలో పేర్లు, ఊళ్ళు, ఫోను నంబర్లు ఇమ్మని క్వెరీ రాశాను. వచ్చింది ప్రింట్ తీశాను. కింద మొత్తం వరుసలు పద్నాలుగు అని ఉంది. మా ఫిట్టర్ యాదయ్యన్న ఆ కాగితం తీసుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"మేడమ్, పద్నాలుగంటున్నరు. గీడ పదిహేనున్నయ్ గదా."

నేనూ లెక్కపెట్టాను. పదిహేనే. ఆఖరి వరుసలో సుగుణ అనీ, మాకు దగ్గర్లోనే ఉన్న కందుకూరు అనీ, ఒక ఫోను నంబరూ ఉన్నాయి. తేదీ లేదు, బిల్లు నంబరు లేదు. బిల్లు నంబరు గడి ఖాళీగా వదిలితే మా సిస్టమ్ అమ్మకాన్ని అసలు ఎక్కించుకోదు. క్వెరీలో నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. మిగతా పేర్లు నమ్మవచ్చో లేదో తేలాలి కదా, అందుకే ముందుగా ఆ చివరి నంబరుకే ఫోను చేశాను.

మూడోసారికి ఒక పెద్దావిడ ఎత్తింది. ఇంట్లో గ్యాస్ గీజరుందా అని అడిగాను.

"ఉన్నది బిడ్డా. మా కోడలు తానానికి పోయి మస్తుసేపాయె. ఏందీ, ఏమైంది?"

"అమ్మా, ముందు వెళ్ళి బాత్రూం తలుపు కొట్టండి. పలక్కపోతే పగలగొట్టించండి. ఆలస్యం చేయకండి!"

తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది. "సుగుణా! ఓ సుగుణా!" అని ఆవిడ గొంతు. తర్వాత "మల్లేశా, ఉరికి రారా!" అన్న కేక. అంతలో ఫోను తెగిపోయింది.

మళ్ళీ ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. యాదయ్యన్న తన ఫోనులో, నేను ఆఫీసు ఫోనులో మిగతా పద్నాలుగు ఇళ్ళకూ చెబుతూ వచ్చాం. అదృష్టం కొద్దీ ఎక్కడా ఏమీ కాలేదు. నా నోరు ఒకటి మాట్లాడుతోంది, చెవి మాత్రం కందుకూరు దగ్గరే ఉంది.

ముప్పావు గంట తర్వాత ఆ నంబరు నుంచే ఫోను మోగింది. సుగుణ భర్త మల్లేశ్.

"అక్కా, గడియ ఇరగ్గొట్టి గుంజినం. కింద పడి ఉండె. వాకిట్ల పండవెడితే జరసేపటికి కండ్లు తెరిచింది. ఇప్పుడు దవాఖానల ఉన్నం. మాట్లాడుతుంది అక్కా, ఏం కాదన్నరు."

నేను కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. యాదయ్యన్న మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టాడు.

మర్నాడు ఆయనే కందుకూరు వెళ్ళి ఆ గీజరు విప్పుకొచ్చాడు. వెనక రేకు మీద ఉన్నది ఆ లాట్ నంబరే. కాకపోతే అది మేం అమ్మింది కాదు. సుగుణ తమ్ముడు వేరే జిల్లాలో ఏదో షాపులో కొని, అక్క బాలింత కదా అని తెచ్చి బిగించి వెళ్ళాడట.

"మన షాపు ఏడుందో గూడ వాళ్ళకు తెల్వదు మేడమ్," అన్నాడు యాదయ్యన్న. "ఆ ముసలామె ఫోను నంబరు గూడ కొత్తదే. తీసుకొని ఇంక వారం కాలేదంట."

అదే క్వెరీ, అక్షరం మార్చకుండా, మళ్ళీ నడిపాను. పద్నాలుగు వరుసలు. సుగుణ పేరుతో పట్టికలన్నీ వెతికాను, ఆ ఫోను నంబరుతో వెతికాను. సున్నా. సాఫ్ట్‌వేర్ రాసిన అతన్ని పిలిపిస్తే రెండు రోజులు కూర్చుని, సిస్టమ్ చేసిన ప్రతి పనీ నమోదయ్యే లాగ్ అంతా చూశాడు. ఆ ఉదయం డేటాబేస్ ఇచ్చింది పద్నాలుగు వరుసలేనన్నాడు. మరి కాగితం మీద పదిహేనున్నాయేమిటంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టేశాడు.

ప్రింటరు పొరపాటంటారు కొందరు. ప్రింటరుకు కందుకూరులో ఒక బాలింత పేరెలా తెలుస్తుంది? వారమైనా కాని నంబరెలా తెలుస్తుంది? పై నుంచి మొదలుపెట్టి ఉంటే పదిహేనో ఫోను ఎప్పటికి చేసేదాన్నో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

సుగుణ అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. "మంచిగున్నవా అక్కా," అంటుంది. వెనకాల పిల్ల ఏడుస్తుంటుంది. ఆమె దాన్ని ఊరుకోబెడుతూ నాతో మాట్లాడుతుంటే, అదెలా జరిగిందో తెలుసుకోవాలన్న పట్టుదల నాలో కాసేపు చల్లారుతుంది.