బావిలో దిగమన్న నాగమ్మక్క

మొన్న సోమవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది. అటక మీద పెట్టె జరుపుతుంటే పాత రాతిపలక ఒకటి జారి గోడకు తగిలి ఖంగుమంది. పగల్లేదు. ఆ మోత చెవిన పడగానే నాగమ్మక్క ఎదురుగా వచ్చి నిలబడినట్టయింది. ఆమె పోయి అప్పటికి నలభై మూడు రోజులు.

మార్కాపురంలో ఒక పలకల షెడ్డులో నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు రాశాను. నాగమ్మక్క అక్కడ పలకలు ఏరేది. ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి వినేది. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల చీలిక. చేరిన వారంలోనే నేను వంద పలకల కట్ట కట్టించి, సరిగ్గా వంద అని గర్వంగా రాసుకున్నాను. ఆమె కట్ట విప్పి పద్నాలుగు పలకలు పక్కకు తీసింది. మేస్త్రీకి చెప్పలేదు. నా పక్కన చతికిలబడి, “నీ లెక్క బాగుంది పాపా. కొట్టి చూడకుండా లెక్కబెట్టినావు, అంతే” అంది.

రాతిదుమ్ము పీల్చి దగ్గుతో పోయినవాళ్ళు మా షెడ్డులో ఉన్నారు. ఎవరు పోయినా, పదకొండో రోజు దాటాక నాగమ్మక్క మమ్మల్ని కూర్చోబెట్టేది. పోయినామె చేయాలనుకుని చేయకుండా మిగిల్చిందేమిటని అడిగేది. అది మేము చేయాలి. అట్లా పోయిన రంగమ్మకు శ్రీశైలం డ్యాము గేట్లు ఎత్తినప్పుడు చూడాలని ఉండేదట. గేట్లు ఎత్తారని తెలిసిన రోజే తొమ్మిది మందిమి బస్సెక్కాం. దోర్నాల దాటి అడవి మొదలవగానే పాటలందుకున్నారు. తీరా అక్కడ తుంపర ముఖాన కొడుతుంటే నేను తిరుగు బస్సు ఎన్నింటికో కాగితంలో చూసుకుంటున్నాను. నాగమ్మక్క ఆ కాగితం లాక్కుని రవికలో దోపుకుంది.

“రంగమ్మ కండ్లు మనకాడ ఉండాయి పాపా. వాటిని కాగితం మీద పెడతావేంది?”

తలెత్తాను. ఆ తెల్లటి నీళ్ళను చూసి నేను పెట్టిన కేక నాకే వినపడలేదు. తిరుగు బస్సు తప్పిపోయింది. నా జీవితంలో తప్పిపోయిన మొదటి బస్సు అదే.

ఆ తర్వాతి బస్సులో నన్నడిగింది, మరి నీకేం మిగిలిందని. ఈత, అన్నాను. చిన్నప్పుడు తర్లుపాడులో మా అన్నలు బావిలోకి దూకుతుంటే వాళ్ళ చొక్కాలు పట్టుకుని గట్టున నిలబడినదాన్ని. నాయన దిగనిచ్చేవాడు కాదు. నాగమ్మక్క పకపకా నవ్వింది.

“నువ్వు పోయినాక నీ ఈత మేము ఈదాలనా? నాకు రాదు తల్లీ. నువ్వే దిగు.”

పెద్దారవీడు దగ్గర నాగమ్మక్క వాళ్ళ చేలో దిగుడుబావి ఉంది. వానలు పడి నిండగానే దిగుతానని మాటిచ్చాను. పదకొండు వానాకాలాలు గడిచాయి. బావి ఏడుసార్లు నిండింది. నిండిన ప్రతిసారీ ఆమె కబురు పంపింది. మోకాళ్ళ నొప్పులన్నాను, పడిశమన్నాను, నలుగురూ నవ్వుతారన్నాను. దగ్గు చివరికి ఆమెనూ వదల్లేదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కూడా, నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చాయట పాపా అని చెప్పింది. నేను తల ఊపి వచ్చేశాను.

ఆ సోమవారమే ఎనిమిదింటి బస్సుకు పెద్దారవీడు వెళ్ళాను. బావిలో దిగుతాననగానే నాగమ్మక్క కూతురు లక్ష్మి నీళ్ళలో తేలడానికి ఎండిన సొరకాయ బుర్రలు రెండు తెచ్చి నా నడుముకు తాడుతో కట్టింది. నాకు డెబ్బై రెండేళ్ళు.

“మునిగితే మాయమ్మ నన్ను తిడతాది చిన్నమ్మా. కాళ్ళు ఆడించు.”

మూడో మెట్టు మీంచి వదిలేశాను. చలి గుండెను పట్టేసింది. మునిగాను, నీళ్ళు మింగాను, తేలాను. కాళ్ళు ఆడించమంటే ఆడాయి. అవతలి గోడ అందుకుని లక్ష్మీ అని అరిచాను. మళ్ళీ ఇవతలికి. అట్లా ఆరుసార్లు. లక్ష్మి గట్టు మీద నవ్వుతూ ఏడ్చింది. వచ్చే సోమవారం ఒక్క బుర్రే కట్టమన్నాను. పదకొండో రోజు దాటాక కూర్చోబెట్టి అడిగే పని కూడా ఇక నాదేనని చెప్పాను.

పోయినవి: కళ్ళజోడు ఒకటి, బావి అడుగున ఉంది. తలపిన్నులు నాలుగు. ఆమె బతికుండగా నేను దిగని నిండుబావి, ఏడుసార్లు. నాగమ్మక్క.