తాళంచెవి అడగలేక తాగని నీళ్లు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే మా అక్క సీసా నిండా నీళ్లు పోసి నా సంచిలో పెట్టేది. సాయంత్రం ఖాళీ సీసా చూసి సంతోషించేది. ఆ నీళ్లు నేను తాగేదాన్ని కాదు. ఆఫీసు గదిలో కిటికీ పక్కనున్న మనీప్లాంటు కుండీలో పోసేదాన్ని. నేను జబ్బుపడ్డ వేసవిలో ఆ తీగ మాత్రం సీలింగుదాకా పాకింది.

మాది కోనసీమ. ఎనభైల మొదట్లో కువైట్‌లో అక్కాబావల దగ్గర ఉంటూ, అక్కడి అర్దియా పేటలో యూనిఫారాలు కుట్టే ఒక కంపెనీలో టైపిస్టుగా చేరాను. నలుగురిలో నోరు తెరవడం నాకు చిన్నప్పటినుంచీ కష్టం. చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

కుట్టుహాల్లో ఎక్కువమంది మగ టైలర్లు. ఆడవాళ్లం కొద్దిమందిమి. మా బాత్రూమ్ హాలుకు ఆ చివర ఉండేది, తాళం వేసి. తాళంచెవి కటింగ్ మాస్టర్ బల్ల పక్కన మేకుకు వేలాడేది. ఎవరూ మరిచిపోయి ఇంటికి పట్టుకుపోకుండా దానికి పెద్ద చెక్క రీలు కట్టారు. "మాస్టర్‌జీ, చాబీ" అని అడగాలి. మిషన్ల చప్పుడులో వినబడక ఆయన "క్యా?" అనేవారు. మళ్లీ గట్టిగా అడగాలి. తలలన్నీ పైకి లేచేవి. ఆ పైన రీలు చేత్తో పట్టుకుని హాలంతా నడవాలి. చేరిన కొత్తలో ఒకటి రెండుసార్లు నడిచాను. మళ్లీ నడవాల్సిన పని లేకుండా ఏం చేయాలో నాకు నేనే కనిపెట్టుకున్నాను.

ఒకరోజు టైపు చేస్తుంటే చలి పుట్టింది. బయట జూలై ఎండ. ఏసీ వల్ల అనుకుని పైట భుజాల చుట్టూ కప్పుకున్నాను. సాయంత్రానికి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. కంపెనీ బస్సు కుదిపినప్పుడల్లా పళ్లు బిగబట్టాను. మూత్రంలో మంట అంతకుముందునుంచే ఉంది. అది అక్కకు కూడా చెప్పలేదు.

రాత్రికి జ్వరం పెరిగి, బావ ఆసుపత్రికి తీసుకెళ్లారు. యూరిన్ టెస్ట్, కల్చర్, బ్లడ్ టెస్ట్ చేశారు. డాక్టరమ్మ మన దేశం ఆవిడే, పుణే వైపు. "ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పోయింది, అడ్మిట్ అవ్వాలి" అన్నారు. తర్వాత, "నీళ్లు బాగా తాగుతావా?" అని అడిగారు.

"తాగుతానండీ."

"రోజూ సీసా ఖాళీ చేసి తెస్తుంది డాక్టర్" అని అక్క సాక్ష్యం చెప్పింది.

ఐవీలో యాంటీబయాటిక్ ఎక్కించారు. పక్కన పాత వారపత్రికలు పెట్టుకుని చదువుకుంటూ కోలుకున్నాను. నిజం చెప్పాలంటే, అక్కడ బాత్రూమ్ మంచం పక్కనే ఉండటం నాకు గొప్ప సుఖంగా ఉండేది.

తిరిగి పనిలో చేరేసరికి కంపెనీలో కొత్త హడావుడి. ఆ వేసవిలో నాతోపాటు ఇంకా కొందరు జబ్బుపడ్డారు. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే కడప ఓబులమ్మక్క కళ్లు తిరిగి పడిపోయింది. మేనేజర్ థామస్ సార్ "స్టాఫ్ వెల్ఫేర్ ప్రోగ్రామ్" పెట్టించారు. చల్లనీళ్ల కూలర్, నెలకోసారి డాక్టరు వచ్చి బీపీ చూడటం, శుక్రవారం సముద్రం ఒడ్డుకి బస్సు. ఆ నోటీసు నేనే టైపు చేశాను. అందులో మొదటి మాట, రోజంతా నీళ్లు తాగండి అని. నోటీసు అంటించి వచ్చి, నా సీసా కుండీలో ఒంపాను.

కూలర్ చుట్టూ మగవాళ్లు మూగేవారు. ఆడవాళ్లెవరూ వెళ్లలేదు. అప్పటిదాకా నేనొక్కదాన్నే పిరికిదాన్ని అనుకునేదాన్ని.

"తాగవా అక్కా?" అని ఓబులమ్మక్కని అడిగాను.

"ఆ పెట్టెలో నీళ్లు యాడికీ పోవు గానీ పాపా, తాగితే మనం యాడికి పోవల్ల?" అని నవ్వింది.

చలికాలం మొదట్లో మళ్లీ జ్వరం, మళ్లీ అదే నొప్పి. ఈసారి కిడ్నీలకు ఐవీపీ ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ అక్కను మందులకు పంపి, తలుపు మూసి వచ్చారు.

"ఇలా వస్తూ ఉంటే కిడ్నీకి స్కార్ పడుతుంది. పడితే పోదు. నువ్వు పనిచేసే చోట బాత్రూమ్ ఉందా?"

తల ఊపాను.

"వెళ్తావా?"

ఈసారి తల అడ్డంగా ఊపాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "మందు నేనివ్వగలను. అక్కడికొచ్చి నీ బదులు మాట్లాడలేను కదా."

ఆ తాళం తీసేయమని అడిగే ఒక్క మాటా డైరీలో ఇంగ్లీషులో ఎన్ని రకాలుగానో రాసి కొట్టేశాను.

తర్వాతి గురువారం మిషన్లు ఆపి హాల్లో మీటింగు పెట్టారు. "కూలర్ పెట్టాం, డాక్టర్ని తెచ్చాం. అయినా ఆడవాళ్లే ఎక్కువ సెలవులు పెడుతున్నారు. ఎందుకు?" అన్నారు థామస్ సార్.

"వీళ్లకి చల్లనీళ్లు పడవేమో సార్" అన్నారు మాస్టర్. అందరూ నవ్వారు.

రాసుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. లేచి కూలర్ దగ్గరికెళ్లి గ్లాసు నింపుకుని తాగాను. ఇంకోటి కూడా తాగాను. తర్వాత, "మాస్టర్‌జీ, చాబీ" అన్నాను.

మిషన్లు ఆగి ఉన్నాయి కనక మొదటిసారికే అందరికీ వినబడింది. తలలన్నీ నా వైపు తిరిగాయి. నేనే వెళ్లి రీలు అందుకుని, "ఇందుకే తాగం సార్" అన్నాను.

"అదీ!" అని ఓబులమ్మక్క లేచింది. "పొద్దన్నించి మాపటిదాంకా బిగబట్టుకోని చేస్తాండాం సారూ. ఆ బీగం తీసెయ్యండి, ఖలాస్!"

ఓబులమ్మక్క తెలుగులో అన్నదాంట్లో థామస్ సార్‌కి తెలిసింది ఖలాస్ ఒక్కటే. అయినా ఆయన మొహం ఎర్రబడింది.

మాస్టర్ బల్ల పక్కన ఖాళీ మేకు వైపు చూశారు. "మగవాళ్లు పాడుచెయ్యకుండా మీకోసమే వేశాను బేటీ. ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయనే తాళం తీసేసి, తలుపుకు లోపల గొళ్లెం బిగించారు.

వెల్ఫేర్ పని థామస్ సార్ నాకే అప్పగించారు. పొద్దున, మధ్యాహ్నం మిషన్లన్నీ ఒకేసారి ఆపే విరామం వచ్చింది. ఎవరు ఎటు వెళ్తున్నారో ఎవరూ చూడరు. వెల్ఫేర్ మొత్తంలో ఎక్కువ పనిచేసింది అదే. మనీప్లాంటు కొంచెం వాడిపోయింది గానీ, చావలేదు.

కొన్నేళ్లయింది. మళ్లీ ఇన్ఫెక్షన్ రాలేదు. పోయినసారి డాక్టరమ్మ స్కాన్ చూసి, "స్కార్ లేదు, ఇక నన్ను చూడటానికి ఊరికే రా" అన్నారు. మీలో ఎవరికైనా మూత్రంలో మంట, వణుకుతో జ్వరం ఉంటే సిగ్గుపడి దాచకండి. డాక్టరు నీళ్ల సంగతి అడిగితే నిజం చెప్పండి.

ఓబులమ్మక్క పోయిన నెల ఊరికి వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో పెట్టె లాగుతూ, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, ఎవురన్నా కొత్త పిల్ల పనిలో చేరితే, మిషనూ గిషనూ తర్వాత. ముందు ఆ తలుపు యాడుండాదో చూపీ."