హైసా అనకముందే తోసినవాడు

ఆ రోజుల్లో, నాకు తెలిసిన సంగతిని ఎవరికైనా తేలిగ్గా చెప్పేయగలనన్న ధీమా ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. బెంగళూరులో ఒక పరిశోధనశాలలో చిన్న ఉద్యోగం. వెంట్రుకంత గాజుతీగను చుట్టగా చుట్టి, అందులో వెలుగును తిప్పి తిప్పి, సెకనులో లక్షకోట్లవ వంతు కూడా నిలవని మెరుపులుగా బయటికి తీయడం అక్కడి పని. (తీయలేకపోవడం నా పని. మూడు నెలలుగా ఒక్క మెరుపూ రాలేదు.) విసుగుపుట్టి సెలవు పెట్టి నంద్యాలలో మా ఇంటికి వచ్చాను. మర్నాడే బస్సెక్కి ఆళ్లగడ్డలో మేనమామ దగ్గరికి పోయాను. మామ రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఉలి ఆపకుండానే పలకరించాడు.

"ఆడ ఏం చేస్తాండావ్ అల్లుడా?"

"లేజర్ వెలుగు తెప్పిస్తాండా మామా. మూడు నెల్లాయె, ఇంకా రాలే."

"ఏం రంగు?"

"కంటికి కనపడదు మామా."

ఉలి ఆగింది. "కనపడని వెలుగు రాలేదని నీకెట్ల తెలిసె?"

పక్కన రాయి నునుపు చేస్తున్న చిన్నమేస్త్రి నవ్వు దాచుకోలేదు.

ఆ మధ్యాహ్నమే మామ నాలుగు నెలలు చెక్కిన అమ్మవారి విగ్రహాన్ని లారీ ఎక్కించాలి. చాగలమర్రి దగ్గర పల్లెలో తెల్లవారితే ప్రతిష్ఠ. వేలి కొన చిట్లినా విగ్రహం పూజకు పనికిరాదు, మళ్లీ చెక్కడానికి వ్యవధి లేదు. వరిగడ్డి చుట్టి, కింద దుంగలు పెట్టి, మట్టి వాలు మీదుగా ఎనిమిది మంది తోస్తున్నారు. ఊరికే నిలబడడం బాగుండదని తొమ్మిదోవాడిగా నేనూ చెయ్యి వేశాను. మామ "జోర్ సే..." అని సాగదీస్తాడు, అందరూ "హైసా!" అంటూ ఒక్కసారి తోస్తారు. నేను మాత్రం "జోర్" దగ్గరే తోసేశాను. రెండోసారి జాగ్రత్తపడి అందరి తర్వాత తోశాను. మూడోసారి నా తోపుకు దుంగ పక్కకు జరిగి, విగ్రహం ఒరిగింది. చిన్నమేస్త్రి గడ్డపార అడ్డం పెట్టి ఆపాడు. మామ గడ్డిలోకి చెయ్యి దూర్చి, ఒరిగినవైపు అమ్మవారి చేతివేళ్లు ఒక్కొక్కటే తడిమి చూశాడు. అయిదూ ఉన్నాయి.

"అల్లుడా," అన్నాడు మెల్లగా, "నువ్వు పోయి గేటు కాడ ఆ యాపచెట్టు కింద కూచో."

కూచున్నాను. రెండు హైసాలకు విగ్రహం లారీలో ఉంది.

టీలు తాగేటప్పుడు నోరు ఊరుకోలేదు. "మామా, నా పనీ ఇట్లాంటిదే. తీగలో తిరిగే వెలుగు ఒక్కటి కాదు, వేల రకాలు. ఎవరికి వాళ్లు ఊగుతాంటే ఉత్త మసక. అన్నీ ఒక్క క్షణాన కలిస్తే మెరుపు. దోవలో ఒక అడ్డు పెడతాం. కలిసి బలంగా వచ్చినదాన్ని పోనిస్తాది, విడిగా నీరసంగా వచ్చినదాన్ని ఆపేస్తాది. తిరిగే కొద్దీ కలిసినవే మిగుల్తాయి. ఆ మెరుపు కూడా పోను పోను సాగిపోతాది, కొన్ని రంగులు ముందు, కొన్ని వెనక. ఇంకో రకం తీగలో పంపి, ముందుపోయినవాటిని నిదానం చేసి మళ్లీ కూడగడతాం."

మామ గ్లాసు కింద పెట్టాడు. "అంటే కలిసి తొయ్యనోన్ని చెట్టుకిందికి పంపేది."

"అంతే మామా!" మూడు నెలల్లో నా పని ఇంత సూటిగా అర్థమైన మనిషి ఆయనే.

"మరి నిన్నెట్ల పెట్టుకున్యారప్పా ఆడ?"

(బెంగళూరు తిరిగి వెళ్లిన వారానికి మెరుపు వచ్చింది. అడ్డును కాస్త తిప్పి, తీగ పెట్టిన బల్లమీద తట్టాను. అలా తట్టి లేపడం అందరూ చేసేదే. తట్టేటప్పుడు హైసా అన్నది మాత్రం నేనొక్కణ్ణే.)

మామ పోయి ఏడాది కావస్తోంది. పాడె పట్టిన నలుగురిలో నేనొకణ్ణి. ముందున్న చిన్నమేస్త్రి అడుగుకు నా అడుగు కలవక, గేటు దాకా పాడె నావైపు ఊగుతూనే ఉంది. అతను వెనక్కి తిరిగి నా కాళ్లవైపు చూసి, తన నడకే నిదానం చేసుకున్నాడు. వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి, అనుకోకుండానే నా భుజం బరువు దించుకుని పక్కకు జరగబోయింది. ఇంత వయసొచ్చి, ఇంకా మామ పొమ్మంటాడనే. ఆ ఏడుపులో నాకు నవ్వొచ్చింది. తల వంచుకుని, చిన్నమేస్త్రి మడమలు చూస్తూ నడిచాను.